అంగిలి నుంచి మెడ బిళ్లల దాకా: క్యాన్సర్ పాకిన దారిని ల్యాబులో వెతికే పని (నా అనుభవం)

మిగతా ఊళ్లలో నోటి క్యాన్సర్ అంటే బుగ్గా, నాలుకా. గుట్కా ఎక్కడ దాచుకుంటే పుండు అక్కడ. మా శ్రీకాకుళం వైపు ల్యాబులకి మాత్రం అంగిలి ముక్కలు వస్తాయి. కారణం అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లోకి తిప్పి పెట్టుకుని, పెదాలు బిగించి పీల్చడం. సముద్రపు గాలికి ఆరిపోదు, ఒక్క చుట్టే చాలాసేపు వస్తుంది. తీరం పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లలో ఇప్పటికీ ఉంది. వేడీ పొగా రెండూ నేరుగా అంగిలికే తగులుతాయి. పిండ్‌బోర్గ్, మెహతా అనే పరిశోధకుల బృందం ఈ జిల్లాలో 10,169 మంది పల్లెజనం నోళ్లు చూసి 1971లో అచ్చువేసిన పేపరునే ఈ విషయంలో ఇప్పటికీ అందరూ ప్రస్తావిస్తారు.

మొదట అంగిలి తెల్లబడుతుంది. ఆ తెలుపులో ఎర్ర చుక్కలుంటాయి. అవి చిన్న లాలాజల గ్రంథుల నోళ్లు. ఈ దశ ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవచ్చు. తెలుపు మధ్య ఎర్రమచ్చ పరుచుకున్నా, పుండు పడి రెండు మూడు వారాలకి మానకపోయినా ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించాల్సిందే. నిప్పుకి అలవాటైన అంగిలి కదా, నొప్పి పెద్దగా తెలీదు. అందుకే చాలామంది మెడలో బిళ్ల (లింఫు గ్రంథి) కట్టాక వస్తారు.

అప్పుడు ఇంటివాళ్లు అడిగేది ఒక్కటే. "బాబూ, పాకిందా, నేదా?"

ఆ జవాబు స్కాను దగ్గర సగం దొరుకుతుంది. మిగతా సగం పాథాలజీ టేబుల్ మీద తేలాలి. డాక్టరుగారు సంతకం పెట్టే రిపోర్టు వెనక ముక్క కోసే చేతిపని ఉంటుంది. ఆ పనిలో ఏం చూస్తామో, ఎక్కడ చెడిపోతుందో రాస్తున్నాను. క్యాన్సర్ ఎలా పాకుతుందో తెలిస్తేగాని ఈ పని ఎందుకింత చాదస్తంగా చేస్తామో అర్థం కాదు.

నోటి పైపొర కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ పట్టులో ముఖ్యమైన ప్రొటీను ఇ-క్యాడ్హెరిన్. కణాల వరసకి అడుగున బేస్‌మెంట్ మెంబ్రేన్ అనే తెర ఉంటుంది, మందం మైక్రానులో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) పదో వంతు. కణాలు ఎంత వికారంగా మారినా ఈ తెర చిరగనంతవరకు దాన్ని ఇన్ సిటు అంటాం. పైపొరలో రక్తనాళాలూ ఉండవు, లింఫు నాళాలూ ఉండవు. కాబట్టి కణం పోదామన్నా దారి లేదు, కోసి తీసేస్తే అక్కడితో సరి. కణం పక్కవాటి చెయ్యి వదిలేసి, ఎంజైములు విడిచి తెరని కరిగించుకుని కిందికి దిగితే అప్పుడది ఇన్వేసివ్.

దిగినది ఎంత లోతో మిల్లీమీటర్లలో కొలుస్తాం. పుండు అడుగు నుంచి కొలిస్తే తప్పు. పక్కనున్న మంచి పొర తాలూకు మెంబ్రేన్ ఏ మట్టంలో ఉందో అక్కణ్ణుంచి ఊహాగీత గీసి, దాని నుంచి కిందికి కొలవాలి. క్యాన్సర్ స్టేజీ లెక్కకట్టే పద్ధతి టీఎన్ఎం (టీ అంటే పుండు, ఎన్ అంటే బిళ్లలు, ఎం అంటే దూరానికి పాకడం). 2018లో వాడకంలోకి వచ్చిన దాని ఎనిమిదో ఎడిషన్‌లో వెడల్పుతో పాటు ఈ లోతూ లెక్కలోకి వచ్చింది. పుండు 2 సెంటీమీటర్ల లోపే ఉన్నా లోతు 5 మి.మీ. దాటితే అది టీ1 కాదు, టీ2. లోతు పెరిగేకొద్దీ లింఫు నాళాలు తగిలే అవకాశం పెరుగుతుంది కాబట్టే ఈ లెక్క.

మావైపు వాగుని గెడ్డ అంటాం. లింఫు నాళాల గురించి అడిగినవాళ్లకి గెడ్డలతోనే చెబుతాను. కండలోకీ పొరలోకీ ఊరిన నీరు సన్న గెడ్డల్లో పడుతుంది. అవి బిళ్లల్లోకి పోస్తాయి. ఒక బిళ్లలో వడకట్టుకున్న నీరు మదుం (తూము) దాటినట్టు దాటి తరవాతి బిళ్లకి పోతుంది, అచ్చం గొలుసుకట్టు చెరువుల్లా. చివరికి అంతా మెడ మొదట్లో పెద్ద సిరలో కలిసి రక్తంలో పడుతుంది. పై చెరువులో గుర్రపుడెక్క పడితే కింది చెరువుకి ఎప్పుడొస్తుందా అని రైతు చూసినట్టే, సర్జను మెడని లెవెల్ 1 నుంచి 5 దాకా విడగొట్టుకుని చూస్తాడు. అంగిలి నీరు ముందు దవడ కిందికి, అంటే లెవెల్ 1కి, దవడ మూల కిందనున్న లెవెల్ 2కి పోతుంది. కొంత గొంతు వెనక బిళ్లలకీ పోతుంది, అవి వేలికి అందవు, స్కానులోనే తేలాలి. పుండు మధ్యగీతని తాకితే రెండు వైపులా వెతకాలి. ఎడమ కాలరెముక పైన గట్టి బిళ్ల తగిలితే మాత్రం ఆలోచన నోటి మీద నుంచి పొట్ట మీదికీ పోవాలి. పొట్టలోని లింఫు దాదాపు అంతా థొరాసిక్ డక్ట్ అనే పెద్ద లింఫు నాళం గుండా వచ్చి అక్కడే సిరలో పడుతుంది. విర్కో బిళ్ల అని పేరున్నది అదే.

ఒక మాట. మెడలో బిళ్ల కట్టిన ప్రతివాళ్లకీ క్యాన్సర్ కాదు. మన దగ్గర టీబీ బిళ్లలు బోలెడు. పుచ్చు పళ్ల వల్ల కట్టేవీ ఉంటాయి. పెట్ స్కానులో టీబీ బిళ్ల కూడా వెలుగుతుంది. సూది వేసి చూడకుండా నాలుగో స్టేజీ అని ఇంట్లో ఏడుపులు మొదలెట్టిన సందర్భాలు తక్కువేం కాదు.

ఇక డబ్బా సంగతి. నా లెక్కలో ఈ మొత్తం ప్రక్రియలో అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది ఆపరేషను గది తలుపు నుంచి ల్యాబు తలుపు దాకా. సొంత ల్యాబు లేని చోట ముక్కని డబ్బాలో పెట్టి బంధువుల చేతికిచ్చి పంపుతారు. ఆ డబ్బాలో ఉండాల్సింది ముక్క కుళ్లకుండా నిలబెట్టే ద్రవం, పది శాతం ఫార్మాలిన్. కొట్టులో దొరికే 37–40 శాతం ఫార్మాల్డిహైడ్ ఒక పాలు, నీళ్లు తొమ్మిది పాళ్లు. ఉత్త నీళ్లు కలిపి నిలవ పెడితే ఆమ్లగుణం వచ్చి, రక్తంతో కలిసి స్లైడు మీద నల్లటి నలుసులు పడతాయి. అందుకని బఫరు కలపాలి. 100 మిల్లీలీటర్ల ఫార్మాలిన్, 900 మిల్లీలీటర్ల నీళ్లకి సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 4 గ్రాములు, డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. ముక్కకి కనీసం పది రెట్లు ఉండాలి ద్రవం. యాభై గ్రాముల మెడ ముక్కకి అర లీటరు. ముక్క అంటీ అంటనట్టు తడిసే ద్రవం పోసి మూత పెట్టేస్తే చాలదు.

ఫార్మాలిన్ గంటకి సుమారు 1 మి.మీ. చొప్పున లోపలికి ఇంకుతుంది, లోతుకి పోయేకొద్దీ ఇంకా నెమ్మది. రెండంగుళాల మందమున్న ముక్కని అలాగే పడేస్తే పైన ఉడికినట్టవుతుంది, నడిమధ్య మాత్రం కుళ్లుతూనే ఉంటుంది. ఎండాకాలంలో ఇచ్ఛాపురం నుంచి మధ్యాహ్నం బస్సులో వచ్చే డబ్బా లోపల ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. ముక్కని సెలైన్లో వేసి పంపేవాళ్లున్నారు. సెలైన్ దాన్ని తడిగా ఉంచుతుంది, నిలబెట్టదు. కణంలోని ఎంజైములే కణాన్ని తినేస్తాయి. స్లైడులో కేంద్రకాలు సిరా అలికినట్టు కనపడతాయి. ఐసులో పెట్టి గడ్డకట్టిస్తే ఇంకో రకం నాశనం, మంచు పలుకులు కణాలన్నిట్లో బొక్కలు చేస్తాయి.

సన్నమూతి సీసా ఇంకో తలనొప్పి. మెత్తగా ఉన్నప్పుడు నొక్కి దూరుస్తారు. మర్నాటికి అది ఇంగువ ముద్దలా బిగుస్తుంది, బయటికి రాదు. సీసా కోయాలి. పచ్చడి పెట్టుకునే వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బా దీనికి ఎంతో మేలు. పేరూ, నంబరూ, ఏ వైపో డబ్బా ఒంటి మీద రాయాలి, మూత మీద కాదు. రెండు డబ్బాలు ఒకేసారి తెరిస్తే మూతలు మారతాయి, ఒంట్లు మారవు. మెడ బిళ్లల్ని లెవెల్ వారీగా వేరువేరు డబ్బాల్లో పంపితే సరే సరి. అన్నీ ఒకదాన్లో కలిపేస్తే క్యాన్సర్ ఉందని చెప్పగలం, ఏ చెరువు దాకా వచ్చిందో చెప్పలేం. ఇది తరవాత ఎంత డబ్బు పోసినా తిరిగి రాని సమాచారం.

ముక్క వచ్చాక తూచి, కొలిచి, అంచులకి రంగు సిరాలు పూస్తాం. ఏ అంచు ఏ రంగో కాగితం మీద బొమ్మ గీసి పెట్టుకుంటాం. సిరా పూసేముందు అంచు తడి అద్దకపోతే రంగు లోపలికి కారి, లోపలి కణం కూడా అంచు మీదున్నట్టు కనపడుతుంది. అంచుకీ క్యాన్సర్‌కీ మధ్య 5 మి.మీ. పైన ఉంటే క్లియర్, అంతకు తక్కువైతే క్లోజ్, సిరా తగిలితే పాజిటివ్. అంగిలితో పాటు ఎముక వస్తే మెత్తటి భాగాన్ని ముందే వేరు చేసుకుని, ఎముకని 5 శాతం నైట్రిక్ ఆమ్లంలో వేస్తాం. రోజూ ఆమ్లం మార్చాలి, సూది గుచ్చి చూస్తుండాలి. తొందర్లో మర్చిపోయి నాలుగు రోజులు ఉంచేస్తే కేంద్రకాలకి నీలం రంగు ఎక్కదు, ఎముకలోకి దిగిందో లేదో చెప్పాల్సిన చోటే గుడ్డివాళ్లమవుతాం. ఎముక దాకా దిగడం చిన్న విషయం కాదు, స్టేజీ నేరుగా టీ4ఏకి పోతుంది.

కోసే వరసలో ఒక నియమం ఉంది. బిళ్లలు ముందు, పుండు తరవాత. పుండు కోసిన బ్లేడుతోనే బిళ్ల కోస్తే పుండు పొడి బిళ్ల మీద అంటుకుంటుంది. మైక్రోస్కోపులో చూసినప్పుడు అది పాకినట్టే ఉంటుంది. ఒక్క బ్లేడు మార్చుకోని పాపానికి ఒక మనిషికి స్టేజీ పెరుగుతుంది.

మెడ ముక్క చూడ్డానికి పసుప్పచ్చటి కొవ్వు ముద్ద. అందులో బిళ్లల్ని కంటితో కంటే వేళ్లతోనే బాగా పట్టగలం. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కొవ్వు నలుపుతూ పోతే శనగగింజంతవి ముందు దొరుకుతాయి. ఓపిక పడితే కందిపప్పంతవి, ఆవగింజ కంటే కాస్త పెద్దవి కూడా. ఫార్మాలిన్లో ఒక రాత్రి ఉన్న కొవ్వులో ఇవి సులువుగా తేలతాయి, పచ్చి కొవ్వులో జారిపోతాయి. పూర్తి మెడ తీసిన ముక్కలో పదిహేను పైన, కొన్ని లెవెల్స్ మాత్రమే తీసినదాన్లో పది పైన దొరకాలి. ఆరు దొరికి ఆరూ మంచివే అని రాస్తే అది మంచి కబురు కాదు, వెతకడం సరిపోలేదని అర్థం. మళ్లీ కొవ్వు దగ్గరికి వెళ్లాలి. దొరికిన ప్రతిదాన్నీ 2 మి.మీ. బిళ్లబిళ్లలుగా కోసి మొత్తం పెడతాం. సగం పెట్టి సగం దాస్తే క్యాన్సర్ ఆ దాచిన సగంలో ఉండదని ఎవరు చెప్పగలరు?

తరవాత రాత్రంతా మెషీను పని. 70 శాతం స్పిరిటు నుంచి నూరు శాతం దాకా మెట్లు మెట్లుగా నీరు లాగి, జైలీన్లో తేర్చి, 60 డిగ్రీల మైనంలో నానబెడుతుంది. కరెంటు పోయి జనరేటరు లేకపోతే ముక్క ఏ గిన్నెలో ఆగిందన్నదే ప్రశ్న. ఫార్మాలిన్లో ఆగితే దిగుల్లేదు, 70 శాతం స్పిరిట్లోనూ ఫరవాలేదు. జైలీన్లో గంటల తరబడి ఆగితే అప్పడంలా పెళుసైపోతుంది, పొరలు కోసే మైక్రోటోము కింద పొడి పొడి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను లాంటిది వస్తుందని తెలిసినప్పుడు ఆ రాత్రి మెషీను వేయకపోవడమే తెలివి. ముక్క ఫార్మాలిన్లో ఇంకో రెండు రోజులు ఉంటే మునిగిపోయేదేం లేదు.

మైనం దిమ్మని (బ్లాకు) 4 మైక్రాన్ల పొరలుగా కోసి, 45 డిగ్రీల నీళ్ల తొట్టి మీద తేలేసి, గాజుపలక మీదికి ఎత్తుకుంటాం. ఇక్కడింకో మోసం ఉంది. ముందరి రోగి ముక్క తాలూకు చిన్న నలుసు ఆ నీళ్ల మీద తేలుతూ ఉండి మన పొరకి అంటుకుంటుంది. దాన్ని ఫ్లోటర్ అంటారు. ఒక బ్లాకు అయ్యాక ఇంకోటి కోసేముందు నీళ్ల మీద టిష్యూ కాగితం పరిచి లాగాలి, ప్రతిసారీ. బిళ్ల పక్కన వేరే మట్టంలో, అతకనట్టుగా ఒక గుంపు కనపడితే డాక్టరుగారు మళ్లీ కోయమంటారు. లోతు పొరల్లో అది లేకపోతే ఫ్లోటరే.

ఇక మైక్రోస్కోపు కింద. బిళ్ల చుట్టూ చింతగింజ తొక్కలాంటి పల్చటి తొడుగు ఉంటుంది. లింఫు తెచ్చే నాళాలు ఆ తొడుగుని గుచ్చుకుని లోపలికి వస్తాయి కాబట్టి క్యాన్సర్ కణం మొట్టమొదట చిక్కుకునేది తొడుగు కిందనే ఉన్న సందులో. బిళ్ల నడిమధ్య ఎంత చూసినా లాభం లేదు, ముందు అంచు చుట్టూ తిరగాలి. నల్లగా చిక్కగా ఉన్న లింఫు కణాల మధ్య గులాబీ రంగు గుంపు, లోపల ఉల్లిపాయ పొరల్లాంటి కెరాటిన్ అనే ప్రొటీను ముత్యం కనపడిందా, అది అంగిలి నుంచి వచ్చినదే. ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరు.

తరవాత చూసేది తొడుగు చిరిగిందా అని. కణాలు తొడుగు చీల్చుకుని బయటి కొవ్వులోకి వస్తే ఎక్స్‌ట్రానోడల్ ఎక్స్‌టెన్షన్. రిపోర్టులో ఈ ఒక్క మాట కోసం సర్జను ముందు కింది పేరా చదువుతాడు. 3 సెంటీమీటర్ల లోపు బిళ్ల ఒక్కటే, పుండున్న వైపే అయితే ఎన్1. అదే బిళ్ల తొడుగు చిరిగితే ఎన్2ఏ. అంతకంటే పెద్దదో, ఎక్కువ బిళ్లలో అయి చిరిగితే ఎన్3బీ. వైద్యం కూడా మారుతుంది. తొడుగు చిరిగినా, అంచు పాజిటివ్ అయినా కరెంటు (రేడియేషన్) ఒక్కటే చాలదు, దాంతో పాటు సిస్ప్లాటిన్ అనే కీమో మందు ఇవ్వాలన్న పద్ధతి 2004లో వచ్చిన రెండు పెద్ద పరిశోధనల నుంచి స్థిరపడింది.

నరం మీద కూడా ఒక కన్ను ఉండాలి. కొన్ని క్యాన్సర్లు నరం చుట్టూ ఉన్న తొడుగులో దూరి తీగ పట్టుకు పాకినట్టు పాకుతాయి. అంగిలి నరాలు పైకి పోయి పుర్రె అడుగుకి చేరతాయి. అంగిలిలోని చిన్న లాలాజల గ్రంథుల్లో పుట్టే అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా అనే క్యాన్సర్ రకానికి ఇది పుట్టుబుద్ధి. అంగిలో, పై పెదవో తిమ్మిరెక్కిందని రోగి చెబితే డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. వయసు మీద పడింది కదా అని వదిలేసే మాట కాదది.

మెడలో చేతికేమీ తగలనప్పుడు బిళ్లలు ఎందుకు తీస్తారని అడుగుతారు. కందిపప్పంత బిళ్లలో అర మిల్లీమీటరు గుంపు వేలికీ తగలదు, స్కానుకీ దొరకదు. టాటా మెమోరియల్ వాళ్లు 2015లో ప్రచురించిన పరిశోధనలో, మొదటి ఆపరేషన్లోనే మెడ కూడా తీసినవాళ్లలో మూడేళ్లకి 80 శాతం బతికున్నారు. బిళ్ల కట్టాక చూద్దాంలే అని ఆగినవాళ్లలో 67.5 శాతం. అందులో ఎక్కువమంది నాలుక, బుగ్గ రోగులు. అంగిలికి మాత్రం పుండు సైజూ లోతూ చూసి సర్జను నిర్ణయిస్తాడు.

రక్తంలో పడ్డ కణం కథ వేరు. నాగావళిలో కొట్టుకుపోయిన దుంగలా ఎక్కడికైనా పోవచ్చనుకుంటాం. సన్న రక్తకేశనాళిక వెడల్పు 8 మైక్రాన్లు, క్యాన్సర్ కణం 15, 20 మైక్రాన్లు. మొదట ఎదురైన జల్లెడలోనే ఇరుక్కుంటుంది. నోరు, రొమ్ము, ఎముక నుంచి సిరల రక్తం గుండె గుండా ఊపిరితిత్తులకి పోతుంది కాబట్టి ముందు అక్కడ. పెద్దపేగు రక్తం పోర్టల్ సిరలో కాలేయానికి పోతుంది కాబట్టి ముందు అక్కడ. అయితే ఇరుక్కున్నవన్నీ మొలకెత్తవు. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో రక్తంలోకి ఎక్కించిన పది వేల కణాల్లో ఒక్కటి కూడా గడ్డగా నిలవడం కష్టమైంది. ఇంగ్లండులో స్టీఫెన్ పేజెట్ 735 మంది రొమ్ము క్యాన్సర్ మృతుల వివరాలు తిరగేసి 1889లో విత్తనం, నేల అని రాశాడు. విత్తనం అన్ని వైపులా పడుతుంది, తనకి పడే నేలలోనే మొలుస్తుంది. ఉద్దానంలో జీడిమామిడి పండే ఇసుకలో వరి వేస్తే ఏమవుతుందో తెలిసినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ప్రోస్టేట్‌ది ఎముకకి పోవడం, ఊపిరితిత్తిది మెదడుకీ అడ్రినల్ గ్రంథికీ పోవడం ఆ లెక్కే.

మొలిచిన చోటు మారినా జాతి మారదు. రొమ్ము నుంచి కాలేయానికి వెళ్లినది రొమ్ము క్యాన్సరే, మందు కూడా దానికి తగ్గదే. "ముందు రొమ్ముకొచ్చింది, ఇప్పుడు లివర్ క్యాన్సర్ కూడా వచ్చింది" అని రెండు జబ్బులు లెక్కపెట్టుకుని బెంబేలు పడుతుంటారు.

అన్నిటికంటే ఎక్కువగా వినేది ఇది. "సూదెడితే పాకిపోద్దంట కదా, నిజఁవేనేటి?" ఈ ఒక్క భయం వల్ల మూడు, నాలుగు నెలలు పసర్లు పోయించుకుని వచ్చేవాళ్లున్నారు. ఆ నాలుగు నెలలే పాకిస్తాయి. మెడ బిళ్లకి వేసే సూది 22 నుంచి 24 గేజి, ఇంజెక్షన్ సూదంత. సూది దారిలో కణాలు పడి మొలవడం కాలేయం క్యాన్సర్ లాంటి కొన్నిట్లో అరుదుగా ఉంది. వృషణం గడ్డకైతే తిత్తిలోంచి సూది వేయనే వేయరు. అలాంటి వాటికి డాక్టర్లు దారి మార్చుకుంటారు. అంగిలికీ మెడ బిళ్లకీ ఆ భయం పెట్టుకోవద్దు. సూది పరీక్షలో నిజంగా చెడేది వేరొకటి. తీసిన కణాల్ని పలక మీద పరిచి, స్పిరిట్లో ముంచాల్సిన పలకని క్షణాల్లో ముంచాలి. ఫోను మోగిందని పక్కన పెడితే ఆరిపోయి కణాలు ఉబ్బుతాయి, మళ్లీ పొడవాల్సి వస్తుంది.

విశాఖపట్నం వెళ్లే ముందు ఇక్కడి ల్యాబు నుంచి రిపోర్టొక్కటే తీసుకుని రైలెక్కకండి. అక్కడి పెద్ద ఆసుపత్రుల్లో స్లైడులు మళ్లీ చూస్తారు, కొన్ని పరీక్షలకి బ్లాకే కావాలి. రెండూ రాసిచ్చి అడగాలి. గాజుపలకల్ని పెట్టెలోనే తీసుకెళ్లాలి, న్యూస్‌పేపర్లో చుట్టి చొక్కా జేబులో పెడితే ఆమదాలవలస స్టేషన్ చేరేలోపే విరుగుతాయి. మైనం బ్లాకుని మే నెలలో కారు అద్దం దగ్గర ఎండలో వదిలేస్తే మెత్తబడి ముక్క కుంగుతుంది. బ్లాకు మీద గీసిన నంబరు, స్లైడు మీద నంబరు, రిపోర్టు మీద నంబరు మూడూ ఒకటేనా అని కౌంటరు దగ్గరే చూసుకుని, అప్పుడు పుస్తకంలో సంతకం పెట్టండి.